మూడు దేశాలకు మూడు మాటలు

ఆఫీసులో అందరూ ఆమెను చిటపట అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే. కోపం ముక్కు మీద ఉండే మనిషి, దాన్ని దాచుకోవడం చేతకాదు. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగమేమో, మేనమామ కెటిళ్ల ఫ్యాక్టరీ తరఫున మూడు పరాయి దేశాల జనంతో మర్యాదగా మాట్లాడడం. ఇంట్లోవాళ్లు దీన్ని తలుచుకుని ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతారు.

నవ్వితే నవ్వారు గానీ, ఆ పని ఆమెకు కొట్టిన పిండి. ఒక దేశంవాళ్లకు ఫిర్యాదు రాగానే యజమాని జనం ముందుకొచ్చి తప్పు ఒప్పుకోవాలి, కారణాలు తర్వాత. రెండో దేశంలో క్షమించమన్న మాట నోరు జారిందంటే లాయర్లు మీద పడతారు. అక్కడ అంతా నియమాల భాష. మూడో దేశంవాళ్లను ముందు ఇంటిల్లిపాది క్షేమం అడగాలి, అసలు సంగతి చివర్లో మెల్లగా చెవిన వెయ్యాలి. అందరికీ ఒకే ప్రకటన రాసి పారెయ్యక ఎందుకీ తిప్పలని మామయ్య విసుక్కుంటే చిటపట ఒంటికాలి మీద లేచేది.

అంతలో ఆ మొదటి దేశంలో నాలుగేళ్ల పాప మీద మరిగే నీళ్లు పడ్డాయి. కెటిల్ వంచగానే మూత ఊడిపోయింది. చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. చిటపట ఆ దేశపు పద్ధతిలో క్షమాపణ రాసి మామయ్య చేతిలో పెట్టింది. ఆయన లాయర్ని అడిగి, ఈ లోపం ఇంతకుముందు మా దృష్టికి రాలేదన్న వాక్యం ఒకటి ఇరికించాడు.

మీటింగ్ గదిలో బల్ల పక్కకు జరిపి, తెల్లగోడ ముందు ఆయన్ని నిలబెట్టి వీడియో తీశారు. ముందంతా బుద్ధిగానే చెప్పాడు. ఆ వాక్యం దగ్గరకొచ్చేసరికి నవ్వాడు. చిటపటకు ఒళ్లు మండింది. మళ్లీ తీయించింది. సరిగ్గా అక్కడే మళ్లీ నవ్వాడు. ఇంకోసారి తీద్దామంటే, నవ్వుమొహం చూస్తే మంచివాడే అనుకుంటార్లే అని కొట్టిపారేసి, ఆమె భోజనానికి వెళ్లిన సందు చూసుకుని పంపించేశాడు. ఎంతైనా యజమాని కదా.

ఇంకేముంది, ఆ దేశంలో జనం భగ్గుమన్నారు. ఆ నవ్వొక్కటీ కత్తిరించి మళ్లీ మళ్లీ చూపించారు. ఆసుపత్రి వరండాలో నిలబడి పాప తల్లి, నా బిడ్డ చెయ్యి కాలితే ఆయనకు నవ్వొచ్చిందని చెప్పింది. కొట్లవాళ్లు కెటిళ్లు వెనక్కి పంపడం మొదలుపెట్టారు.

మామయ్య గాభరాగా చిటపటను గదిలోకి పిలిచాడు. మావైపు సిగ్గేసినా జనం నవ్వుతారు, ఇదంతా సంస్కృతుల తేడా వల్ల వచ్చిన అపార్థం అని రాయమన్నాడు. చిటపట కలం తీసింది కూడా. రాస్తే అందంగా ఉండేది, చదివినవాళ్లు నమ్మేవాళ్లు. కానీ ఆయన అంతసేపు మాట్లాడి ఒక్క వాక్యం దగ్గరే ఎందుకు నవ్వాడు? ఇంట్లో అందరికీ తెలిసిన నవ్వే అది. ఆసుపత్రిలో అత్తయ్యకు తోడున్న అమ్మ, చూడ్డానికి ఎందుకు రాలేదని నిలదీస్తే, వచ్చాను, నువ్వే నిద్రపోతున్నావంటూ నవ్విన నవ్వు. అబద్ధమాడితే తప్ప ఆయన పెదాల మీదికి రాదు.

కలం బల్ల మీద పడేసింది. "మామయ్యా, మూత సంగతి నీకు ముందే తెలుసా?"

ఆయన నవ్వాడు. వెంటనే చేత్తో నోరు తుడుచుకున్నాడు.

తర్వాత నీళ్లు నములుతూ చెప్పాడు. మూత పట్టు వదులుగా ఉందని ఫోర్‌మన్ ఎప్పుడో మొత్తుకున్నాడట. తయారైన సరుకు పోనిచ్చి తర్వాత చూద్దామని మామయ్య అనుకున్నాడట. చిటపటకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పసిపిల్ల చెయ్యి కాల్చి, దానికి సంస్కృతని పేరు పెట్టమంటావా?"

"అరవకే. ఇది బయటపడితే ఇంతమంది రోడ్డున పడతారు. నిన్ను చదివించింది ఈ ఫ్యాక్టరీ."

"అందుకే కదా, నీ అబద్ధాలు ఇంత బాగా రాయగలుగుతున్నాను."

తలుపు ధడాలున వేసి తన గదికి వెళ్లింది. ఆ దేశంలో తమ తరఫున పనిచేసే దుబాసీకి ఫోన్ చేసి పాప తల్లిని లైన్‌లోకి తెప్పించింది. ఏ దేశపు మర్యాదా పాటించలేదు. మూత వదులని మా యజమానికి ముందే తెలుసు, తెలిసే పంపాడు, తెలియదన్నది అబద్ధం అని చెప్పింది. దుబాసీ ఒక్క క్షణం తటపటాయించి, ఉన్నదున్నట్టు ఆ తల్లికి చెప్పాడు.

ఆవిడ తిడుతుందని చిటపట కాచుకుని కూర్చుంది. తిడితే బాగుండునని కూడా అనిపించింది. చివరికి దుబాసీ గొంతు వినిపించింది.

"ఆవిడ ఒకటే అడుగుతున్నారండీ. ఈ కెటిళ్లు ఇంకా ఎక్కడెక్కడ అమ్ముతున్నారు, అక్కడి తల్లులకు ఏం చెప్పారు అని."

చిటపట బల్ల మీదున్న ఫైలు తెరిచింది. ప్రమాదం జరిగిన రోజే ఆమె మిగతా రెండు దేశాలకూ రాసింది. ఒకరికి, మూత సరిచూసుకోవడం వాడేవారి బాధ్యత అని. ఇంకొకరికి, మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాం, వేడినీళ్లతో కాస్త పదిలం అని. రెండిటికీ ఎక్కడా ఒక్క ఫిర్యాదు రాలేదు. అంత బాగా కుదిరాయి.