చీటీ కింద రెండు గీతలు

నాకు రాయడమంటే చిరాకు. పళ్ళ డాక్టర్ని, పన్ను చూడమంటే పొద్దంతా చూస్తాను. కానీ పేషెంటును ఇంకో డాక్టరు దగ్గరికి పంపేటప్పుడు ఒక చీటీ రాసివ్వాలి చూడండి, అది నా ప్రాణానికి వచ్చేది. బయట బెంచీ మీద నలుగురు దవడలు పట్టుకుని కూర్చుని ఉంటారు. నేను నిలబడే, గోడకు ప్యాడ్ ఆనించి, ఇంగ్లీషులో మూడు లైన్లు గీకి చేతిలో పెట్టేదాన్ని. ముఖ్యమైన మాట కింద పెన్ను నొక్కిపట్టి రెండు గీతలు కొట్టేదాన్ని. అదొక అలవాటు. ఇప్పుడు మానేశాను.

మాది గద్వాల. పెళ్ళయి నాగర్‌కర్నూల్ వచ్చాను. బస్టాండుకు దగ్గర్లో రెండు గదులు, ఒక కుర్చీ, అదే నా క్లినిక్కు. మొదట్లో ఎవరినీ ఎక్కడికీ పంపేదాన్ని కాదు. పంపితే నాకు చేతకాదని ఒప్పుకున్నట్టు ఉండేది. వేర్లు వంకరపోయిన దవడ పన్నుతో రెండు గంటలు కుస్తీ పట్టి, చివరికి దాన్ని పీకి, ఆ పేషెంటు మొహం చూడలేక తల తిప్పుకున్న రోజులున్నాయి. తర్వాత కాలేజీలో నా జూనియర్లు, భార్యాభర్తలు, వనపర్తిలో దవాఖాన పెట్టారు. అతను కష్టమైన రూట్ కెనాల్‌లు చేస్తాడు, విరిగిన పళ్ళను మళ్ళీ కట్టి క్యాపులు వేస్తాడు. ఆమెది చిగుళ్ళ వైద్యం. నాకు రానిది వాళ్ళకు వచ్చని ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఒప్పుకున్నాక మాత్రం హాయిగా ఉంది.

ఒకరోజు ఒక పేషెంటు తెలకపల్లి అవతల ఒక పల్లె నుంచి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు భర్తతో కలిసి పుణె, బొంబాయి తిరిగి మట్టి మోసిన మనిషి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కొడుకులిద్దరూ పుణెలో బిల్డింగు పనుల్లో ఉన్నారు, కోడళ్ళు పిల్లలతో ఈమె దగ్గర ఉంటారు. ఊళ్ళో కూలికి పోతుంది, రెండు మేకలున్నాయి, ఆదివారం చర్చికి వెళ్తుంది. ఇవన్నీ కుర్చీలో కూర్చునేలోపే చెప్పేసింది.

కుడివైపు కింది దవడ పన్ను. చుట్టూ చిగురు ఉబ్బి చీము కారుతోంది.

"పీకెయ్ డాక్టరమ్మా. గీ పీడ వదిలిపోతది" అంది.

మా దిక్కు అందరూ ఇదే మాటతో వస్తారు. నోరు తెరిపించి చూశాను. ఎడమవైపు దవడ పళ్ళు ఒక్కటీ లేవు. ఎవరెవరో ఎప్పుడెప్పుడో పీకేశారు, అందులో ఒకటి నేనే పీకాను. కుడివైపు నమలడానికి మిగిలింది ఈ ఒక్కటే.

"ఇది గుడ పీకితే రొట్టె ఏంతోని తింటవమ్మా?"

"నీళ్లల్ల నానేసుకుంట తియ్."

నాకు ఒళ్ళు మండింది. పుట్టినప్పటి నుంచి జొన్నరొట్టె తిన్న మనిషి, నీళ్ళల్లో నానేసుకుంటుందట! పీకనని చెప్పి ఎక్స్‌రే తీశాను. వేర్లు కొక్కేల్లా వంగి ఉన్నాయి కానీ పన్ను మంచి గట్టిది. చీము బయటికి పోయేలా పైన తెరిచి, మందు పెట్టి, ఐదు రోజులకు గోలీలిచ్చాను. నొప్పి కొంచెం తగ్గింది. ఇక చీటీ. ఫలానా పన్ను, రూట్ కెనాల్ కావాలి, చిగుళ్ళకు వైద్యం కావాలి, ఈ పన్నును ఎలాగైనా కాపాడండి. ఆ ఆఖరి మాట కింద కాగితం చిరిగేంత గట్టిగా రెండు గీతలు కొట్టాను.

"ఇది నాతోని అయ్యేది కాదమ్మా. వనపర్తికి పోవాలె, అక్కడ పెద్ద డాక్టర్లున్నరు. ఈ వారంలనే పో. ఎవర్నన్న తోడు తీస్కపో" అన్నాను.

ఆమె చీటీని మడవకుండా చాలాసేపు చూసింది. చదువు రాదని నాకు తెలుసు.

"కోడండ్లకు చెప్పాల్నా?" అని మెల్లగా అడిగింది.

"చెప్పకుండ ఎట్ల పోతవ్? చెప్పు" అన్నాను, అప్పటికే తర్వాతి పేషెంటు కోసం మత్తు సూది సిద్ధం చేసుకుంటూ. ఆమె రెండు చేతులెత్తి నాకు దండం పెట్టి వెళ్ళిపోయింది. నొప్పి తగ్గినందుకు పెట్టిందనుకున్నాను.

మూడు వారాల తర్వాత వేరే పనిమీద వనపర్తికి ఫోన్ చేసి, మాటల్లో ఆమె సంగతి అడిగాను. అసలు రాలేదన్నారు. ఫోన్ పెట్టేసి నేను మొదలుపెట్టాను. గొంతు చించుకుని చెప్పినా వినరు, పోయి ఎక్కడో పీకించుకుని ఉంటుంది, ఇలాంటివాళ్ళ కోసం నేనెందుకు తల బద్దలు కొట్టుకోవాలి, అని. నా దగ్గర ఒక అక్క పనిచేస్తుంది. బిజినేపల్లి నుంచి రోజూ బస్సులో వస్తుంది, వయసులో నాకంటే పెద్దది, నా కోపానికి ఎప్పుడో అలవాటుపడిపోయింది. పరికరాలు కడుగుతూ అంతా విని, కుళాయి కట్టేసింది.

"నువ్వు చెప్పిన తీరు నేను ఇన్న మేడం. నేనైనా పోకపోదును" అంది.

"నేనేం చెప్పాను?"

"నాతోని కాదన్నవ్. పెద్ద డాక్టరన్నవ్. తోడు తీస్కపొమ్మన్నవ్. చీటీ చేతుల పెట్టినవ్. మా దిక్కు గట్ల చెప్పేది ఇగ ఆశ లేనోళ్లకే."

"పన్నుకు ఎవరన్నా చస్తారా?" అని అరిచాను.

"గది నీకు తెలుసు. ఆమెకేం తెలుసు?" అని మళ్ళీ కుళాయి తిప్పింది.

ఆ పేషెంటు ఇచ్చిన నంబరుకు రెండుసార్లు చేశాను. ఎవరూ ఎత్తలేదు. నా పని నేను చేశాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ దండం గుర్తొచ్చినప్పుడల్లా మనసు అదోలా అయ్యేది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. పన్ను నొప్పి కాదంది. నేను వనపర్తికి పొమ్మన్న ఆమెకు చిన్న కోడలినని చెప్పుకుని, బెంచీ మీద వాళ్ళకు వినబడకుండా దగ్గరికొచ్చి అడిగింది.

"మా అత్తకు ఇంక ఎన్ని దినాలుంది మేడం?"

నేను ఏమైందని అడిగేలోపే ఆ అమ్మాయే చెప్పుకుపోయింది. అత్త మూడు వారాలు ఎవరికీ ఏమీ చెప్పలేదట. తర్వాత డాక్టరమ్మ చీటీ రాసిచ్చిందని చెప్పి, పుణె నుంచి కొడుకులను రమ్మందట. వాళ్ళు పని వదిలేసి నిన్ననే దిగారు. పాస్టరు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. రెండు మేకలను కోడళ్ళిద్దరికీ చెరొకటి ఇచ్చేసింది. చర్చికి కట్టుకునే తెల్ల చీర పెట్టెలోంచి తీసి, ఉతికి, మడిచి పైన పెట్టుకుంది.

మేకల దగ్గర నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"మరి గోలీలు వేసుకుందా?" అన్నాను.

"రెండు దినాలేసుకుని ఆపేసింది. పోయేదానికి గోలీలెందుకు దండుగ అంటది. దవడ గింత వాసింది మేడం" అని తన చెంప పక్కన అరచెయ్యి గుంటచేసి చూపించింది.

నవ్వు పోయింది. నేను తెరిచి వదిలిన పన్ను అది. ఆ చీము దవడ దిగి మెడలోకి పాకితే ఊపిరే ఆడదు. ఆ పన్నుతో చచ్చే మనిషి కాదు ఆమె, చస్తానన్న భయంతో ఇంట్లో కూర్చుని నిజంగానే చచ్చేలా ఉంది. ఆ భయం నేను రాసిచ్చిందే. వెనక్కి తిరిగేసరికి అక్క గ్లౌజులు, టార్చీ, సూదులు సంచిలో వేసి నిలబడి ఉంది. నేను ముందే చెప్పిన కదా అని ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆమె మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. బెంచీ మీద వాళ్ళను రేపు రమ్మని, కోడలిని ఎక్కించుకుని కారు తీశాం.

ఆమె ఇంటి ముందు చాప మీద కూర్చుని ఉంది. కుడి చెంప వాచి ఆ కన్ను సగం మూసుకుపోయింది. పక్కన కొడుకులు, వాకిట్లో ఇరుగుపొరుగు.

"గింత దూరం ఎందుకొచ్చినవ్ డాక్టరమ్మా?" అంది. ఆఖరి చూపుకు వచ్చాననుకుంది.

నేను జవాబు చెప్పకుండా గ్లౌజులు తొడుక్కున్నాను. నోరు తెరవమన్నాను, నా రెండు వేళ్ళు పట్టాయి. నాలుక బయటికి తీయమన్నాను, తీసింది. నీళ్ళు తాగించాను, ఇబ్బంది లేకుండా మింగింది. నాలుక కింద మెత్తగానే ఉంది, మెడ వైపు వాపు లేదు. చీము ఇంకా మెడలోకి దిగలేదు.

"నువ్వు చస్తవని ఎవరు చెప్పిండ్రే నీకు?" అన్నాను. గొంతు అంత గట్టిగా వస్తుందనుకోలేదు, వాకిట్లో వాళ్ళు ఉలిక్కిపడ్డారు.

"నువ్వే గద రాసిచ్చినవ్?"

చీటీ తెమ్మన్నాను. పెద్ద కొడుకు లోపలికి వెళ్ళి బైబిలు మధ్యలోంచి తీసి తెచ్చాడు. నేను చాప మీద కూర్చుని, ఒక్కొక్క మాటా తెలుగు చేసి చదివాను. ఈ పన్నును ఎట్లన్న చేసి కాపాడండి, అని ఆపాను.

"పన్నునా?" అంది.

"పన్నునే."

"నా సంగతి ఏం రాయలేదా?"

"నీకేమైందని రాయాలె?"

ముందు పెద్ద కొడుకు నవ్వాడు. తర్వాత వాకిలంతా నవ్వింది. చిన్న కోడలు మాత్రం కట్టేసిన మేక వైపు ఒకసారి చూసి నవ్వింది. అత్త ఒక్కతే నవ్వలేదు.

"నా మొగనికి గిట్లనే రాసిండ్రు. పెద్ద డాక్టర్లకాడికి పొమ్మన్నరు, తోడు తీస్కపొమ్మన్నరు. పట్నం పోయినోడు మల్ల ఇంటికి నడ్సుకుంట రాలే" అంది.

"తప్పు నాదే. కూసోబెట్టి మంచిగ చెప్పాల్సింది. చెప్పలే" అన్నాను. పేషెంటు ముందు నేను ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక తేలికగా అనిపించింది.

అటు నుంచి అటే ఆమెనూ పెద్ద కొడుకునూ వనపర్తి తీసుకుపోయాం. దారిలో బిజినేపల్లి వచ్చింది. దిగిపొమ్మంటే అక్క దిగలేదు, ఆమె చెయ్యి పట్టుకునే కూర్చుంది. దవాఖానలో నా జూనియరు చీము తీసి సూది వేశాడు. రెండు రోజులు అక్కడే ఉంటే వాపు దిగుతుంది, తర్వాత రూట్ కెనాల్ మొదలుపెడతానన్నాడు. ఆమె కుర్చీలోంచే అతన్ని అనుమానంగా చూసింది.

"నువ్వు గుడ ఎవరికన్న చీటీ రాస్తవా సారూ?"

"రాయనమ్మా. నీ పన్ను ఇక్కడ్నే బాగైతది" అన్నాడు. ఆమె వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

తిరిగొస్తూ బిజినేపల్లిలో అక్కను దింపేముందు హోటల్ దగ్గర ఆగాం. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు మిర్చి బజ్జీలు ఒకదాని తర్వాత ఒకటి తిన్నాను. కారానికి కళ్ళు కారుతున్నాయని అక్కతో అన్నాను, నిజానికి అది కారం కాదు. అక్కకూ తెలుసు.

రెండు నెలలకు ఆమె మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. రూట్ కెనాల్ అయిపోయింది, క్యాపు వేశారు. చిగుళ్ళ డాక్టరు లోపలి గారంతా తీసేసింది, చిగురు గట్టిపడి పన్నును పట్టుకుంది. ఆమె నడుముకు చెక్కుకున్న సంచిలోంచి ఒక చీటీ తీసి ఇచ్చింది. పని పూర్తయింది, పేషెంటును మళ్ళీ మీ దగ్గరికే పంపుతున్నాం, ఆరు నెలలకోసారి చూస్తూ ఉండండి, అని వనపర్తి నుంచి నాకు రాసిన చీటీ.

"చదివి చెప్తెనే తీస్కుంట అన్న. చదివిండ్రు. నన్ను మల్ల నీకే అప్పజెప్పిండ్రంట" అంది దర్జాగా.

"రొట్టె నములుతున్నవా?"

కొంగులోంచి రెండు వేయించిన పల్లీలు తీసి, నా ఎదురుగానే కుడివైపు వేసుకుని పటపట నమిలింది. అక్క చప్పట్లు కొట్టింది.

"మరి మేకలు?" అన్నాను.

"ఎన్కకు తీస్కున్న. చిన్న కోడలు జర మూతి ముడిసింది, ఏం కాదు."

ముగ్గురం నవ్వుకున్నాం. లేస్తుందనుకున్నాను, లేవలేదు. ఆ సంచిలోంచే ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. మా దిక్కు ప్రతి ఇంట్లో దవాఖాన కాయితాలు అలాంటి కవర్లోనే ఉంటాయి. పాత రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, వాటి మధ్య పసుపుపచ్చగా మారిన ఒక చీటీ.

"నా మొగనిది. గిప్పటిదాంక ఎవ్వరు సదివి చెప్పలే. జర చూడు."

అదీ ఇంగ్లీషే, అదీ మూడు లైన్లే. రాసిన డాక్టరు ఎవరో గానీ దస్తూరీ నా దానికంటే అన్యాయంగా ఉంది. నేను ఈసారి తొందరపడలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. మాట మాట కింద వేలు పెట్టి, పేరు చదివాను, వయసు చదివాను, జబ్బు ఏమిటో చెప్పాను. మా దగ్గర లేని వైద్యం కావాలి, వెంటనే చూడండి, అని ఉంది. అక్కడ ఆమె నా వేలు పట్టుకుని ఆపింది.

"కింద గీ గీతలేంది?"

వెంటనే అన్న మాట కింద రెండు గీతలున్నాయి. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టినవి.

"ఈ మాట ముఖ్యం అని. జర గూడ ఆలస్యం చెయ్యకుండ ఈయనను చూడుండ్రి అని" అన్నాను.

ఆమె ఇంకా దగ్గరికి వంగి ఆ గీతలను చూసింది.

"మనిషిని కొట్టేసిండ్రనుకున్న డాక్టరమ్మా. ఇగ వీడు బతికేటోడు కాదని గీత కొట్టిండ్రనుకున్న. నీ చీటీల గుడ గవ్వే సూసిన."

"కొట్టెయ్యలేదమ్మా" అన్నాను.

"ఇడ్సిపెట్టలే అన్నట్టు."

"ఇడ్సిపెట్టలే."

ఆమె కొంగుతో మొహమంతా గట్టిగా తుడుచుకుంది. తేరుకుని, చీటీని మళ్ళీ నా వైపు జరిపి, ఆ గీతల మీద తన వేలు తనే పెట్టింది.

"మల్లొక్కసారి సదువు" అంది.

మళ్ళీ చదివాను.