ఎయిర్ ఫిల్టర్ మీద ఆయిల్

2023లో వానలు మొదలైన రోజులు. కొత్తపేటలో, అమలాపురం వెళ్ళే రోడ్డు మీద ఉన్న నా వర్క్‌షాప్‌కు ఐ.పోలవరం వైపు నుంచి ఒక పెట్రోలు కారు వచ్చింది. నడుపుతున్నది శ్రీను అనే రొయ్యల రైతు. పక్క సీట్లో అతని భార్య అనూష, వెనక సీట్లో అతని తల్లి రాఘవమ్మగారు. ఇంట్లో మొదలైన వాదన దారి పొడవునా సాగిందని ముగ్గురి ముఖాలూ చెబుతున్నాయి.

"ఇంజను పోయిందండి మేస్త్రిగారూ," అన్నాడు శ్రీను దిగుతూనే. "గాలి వెళ్ళే గొట్టం నిండా ఆయిలేనండి. మా దగ్గర మెకానిక్ చూసేడు. రింగులు అరిగిపోయేయి, ఇంజను దించాలన్నాడు. ఆ బాధంతా ఎందుకని అమ్మేద్దామనుకుంటన్నాను. మీరూ ఓసారి చూసి ఔనంటే సరిపోద్ది."

"అమ్మేస్తే నా ఉద్యోగం ఏమవుద్దో అది కూడా అడగండి ఆయన్ని," అంది అనూష.

ఆమె రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తుంది. తెల్లవారకముందే చెరువు చెరువుకూ తిరిగి నీళ్ళు పట్టుకోవాలి. ఆ గట్ల మీదికి బస్సు రాదు, ఆ వేళకు ఆటో దొరకదు. కారు లేకపోతే ఉద్యోగం లేదు.

శ్రీను కొంచెం మొహమాటపడుతూ, "బండి ఈవిడ చేతికొచ్చాకే పాడైందని ఊళ్ళో అంటన్నారండి," అన్నాడు.

ఇలాంటి మాట విని ఊరుకునే స్వభావం కాదు నాది. క్లచ్ ప్లేటు అరిగితే తొక్కిన కాలిని అడగవచ్చు. గాలి గొట్టంలోకి ఆయిల్ వస్తే, నడిపినది ఆడా మగా అని అడగడం ఏ శాస్త్రం? పరీక్ష చేయకుండా రోగం పేరు చెప్పడం వైద్యం కాదు, సోది. "ఇంజను పోయిందో లేదో ఇంజనే చెబుతుంది. మీ ఊరు కాదు," అని బానెట్ ఎత్తాను.

ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే ఆయిల్ మరక నిజమే. అక్కడి నుంచి ఇంజనులోకి గాలిని తీసుకెళ్ళే దారిని ఇన్‌టేక్ అంటాం. దాని లోపలి గోడలు జిడ్డు పట్టి ఉన్నాయి. ఆయిల్ ఎక్కువ పోసినా ఇలా అవుతుంది. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి చూశాను. మట్టం సరిగ్గానే ఉంది. తర్వాత కంప్రెషన్ టెస్ట్. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలలో గేజి పెట్టి, ఒక్కొక్క సిలిండరు ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో చూస్తాం. రింగులు, అంటే ఆ ఒత్తిడి జారిపోకుండా పిస్టను చుట్టూ పట్టి ఉండే వలయాలు, అరిగితే అది పడిపోతుంది. నాలుగు సిలిండర్లూ బాగున్నాయి.

"రింగులు దివ్యంగా ఉన్నాయి," అన్నాను. అనూష భర్త వైపు తిరిగి చూసింది. అతను కొబ్బరిచెట్ల వైపు చూశాడు.

"మరి ఆయిలెలా వచ్చిందండీ?" అన్నాడు.

"మీ చెరువుకి నీళ్ళు బయటికి పోయే తూము మూసుకుపోతే ఏమవుతుంది?"

"గట్టు మీంచి పొర్లుద్దండి."

"ఇంజనులోనూ అంతే." ఇంజను తిరుగుతున్నప్పుడు పెట్రోలు మండే చోటి నుంచి కొంత ఆవిరి కిందికి దిగి ఆయిల్‌తో కలుస్తుంది. పీసీవీ అనే చిన్న వాల్వు దాన్ని ఒక రబ్బరు గొట్టం గుండా లాగి, మళ్ళీ మండే చోటికి పంపుతుంది. ఆ దారి మూసుకుంటే ఆవిరి ఆయిల్‌ను మోసుకుంటూ, ఎదురు దారిన ఎయిర్ ఫిల్టర్ వైపు తన్నుకొస్తుంది.

ఇంజను స్టార్టు చేయించి, వాల్వు ఊడదీసి వేలు అడ్డం పెట్టాను. దారి తెరిచి ఉంటే అది వేలిని లోపలికి లాగాలి. లాగలేదు. వాల్వును ఊపి చూస్తే లోపల గలగలమంది, అంటే అది బాగానే ఉంది. మిగిలింది గొట్టం. టార్చి వేసి దాని వెంట వెళ్ళాను. మలుపు తిరిగే చోట నల్లటి నైలాను దారం బిగించి చుట్టి ఉంది, వరస మీద వరస. వేడికి మెత్తబడిన రబ్బరును అది లోపలికంటా కోసుకుపోయి, గొట్టం గొంతు పూర్తిగా నొక్కేసింది.

"ఇదెవరు కట్టేరు?" అన్నాను.

రాఘవమ్మగారు నెమ్మదిగా కారు దిగారు. "నేనేనండి. దిష్టి తాడండి. ముందు బంపరుకి నిమ్మకాయలు కడితే ఈవిడ పీకేసింది. అందుకని, మావోడు బానెట్టెత్తి అద్దాలు కడిగే నీళ్ళు పోసేటప్పుడు కనపడకుండా లోపల కట్టేను. అమావాస్యకో వరస చుట్టేను. వల అల్లిన చెయ్యండి నాది, ముడి జారదు."

"అత్తయ్యగారూ! నా ఉద్యోగానికే ఉరేసేరా?"

"ఏడిసేవులే. నీకేం కాకూడదనే కదే కట్టింది! చీకటితో ఒక్కత్తివీ గట్లంట పోతావు. ఎవరి కళ్ళు పడతాయో ఏంటో."

ఊరు అన్న మాటలో కాలం సరిపోయింది. కోడలు స్టీరింగ్ పట్టిన తర్వాతే కారు పాడైంది. కారణం మాత్రం సరిపోలేదు. ఆమె స్టీరింగ్ పడితే అత్తగారికి భయం పుట్టింది, భయం దారం చుట్టింది, దారం గొట్టాన్ని నొక్కింది. మన దేశంలో ఆడవాళ్ళ మీద మోపిన నేరాలలో ఎన్ని ఇలాంటివో! ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగితే చాలు, మొదటిదే నేరస్థురాలు.

కొత్త గొట్టం వేసి, ఇన్‌టేక్ శుభ్రం చేసి, ఫిల్టర్ మార్చాను. ఇంజను నడుస్తుండగా వాల్వు మీద రాఘవమ్మగారినే వేలు పెట్టమన్నాను.

"అమ్మో, లాగుతోందండీ!" అని చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టి చూశారు. తర్వాత అడిగారు: "మరి మా కోడలికి రక్ష ఏదండీ?"

మూఢనమ్మకాల మీద వేదికలెక్కి చెప్పే పెద్ద ఉపన్యాసం ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని పక్కన పెట్టి ఆవిడను కారు చుట్టూ తిప్పాను. టైరు గాడులు ఎంత లోతు ఉండాలో, బ్రేక్ ఆయిల్ డబ్బా మీద గీత ఎక్కడుందో, డిప్‌స్టిక్ ఎలా తుడిచి చూడాలో చూపించాను. "చీకట్లో మీ కోడల్ని కాపాడేవి ఇవేనండి."

"అమావాస్యకి చూడమంటారా?"

"అమావాస్య దాకా ఆగకండి. వారానికోసారి."

"ఆయ్."

వెళ్ళేటప్పుడు తాళం అనూష చేతిలో ఉంది. శ్రీను వెనక సీట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

వేదికల మీద ఎంత వాదించినా నా వల్ల మారని మనిషిని, వేలికి తగిలిన ఒక లాగుడు మార్చింది. భయం ఉన్నవాళ్ళను వెక్కిరిస్తే వాళ్ళు దారాన్ని ఇంకొంచెం లోపల దాచుకుంటారు. ఆ భయానికి పనికొచ్చే పని చూపిస్తే అది జాగ్రత్త అవుతుంది. ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది అదే. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం రాఘవమ్మగారు ఫోను చేశారు.

"మేస్త్రిగారూ, పుల్ల మీద ఆయిల్ కొంచెం తగ్గిందండి. ఎందుకు తగ్గిందంటారు?"

"కొద్దిగా తగ్గడం మామూలేనండి. అయినా కారు కింద ఎక్కడైనా చుక్కలు పడ్డాయేమో చూడండి."

"అది చూడకుండా మీకు ఫోనెలా చేస్తానండీ?" అన్నారావిడ. "అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచేను. చుక్క లేదు."