పదకొండింటి కుర్చీ

మందుల డబ్బాను ఒకసారి చెవి దగ్గర ఊపితే లోపల ఎన్ని మాత్రలు మిగిలాయో నేను చెప్పగలను. ఇరవై ఆరేళ్లు మందుల కిటికీ వెనక కూర్చున్నవాడికి ఆ మాత్రం విద్య అబ్బకపోతే ఎలా? అయితే నా గొప్పలు ఇంతటితో ఆపుతాను. చెప్పాలనుకున్నది మా కౌన్సెలర్ గురించి.

మా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ విభాగం మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కగానే బరువు తూచే మిషను, తర్వాత డాక్టరు గది, రక్తం తీసే గది, చివర్న నా కిటికీ. దానికి ఎదురుగానే కౌన్సెలర్ గది. తలుపు తీసి ఉంటే ఆమె బల్ల, రెండు కుర్చీలు, గోడ గడియారం నాకు కనిపిస్తాయి. ఆమెకు యాభై దాటాయి. రోగులందరికీ ఆమె అక్క. నన్ను నోరారా అన్నయ్యా అని పిలుస్తుంది, ఆ నోటితోనే నలుగురిలో నా పరువు తీస్తుంది. సాయంత్రం అయిదు కాగానే సంచీ భుజాన వేసుకుని, మొగుడికి ఫోన్ చేసి ఏం వండాడో కనుక్కుంటూ మెట్లు దిగిపోతుంది. ఇంత బాధ రోజంతా విని ఇంత హాయిగా ఇంటికెళ్లే మనిషిని నేనింకొకరిని చూడలేదు. మొదట్లో నాకు అది కాస్త కటువుగా కూడా అనిపించేది.

అది కటువు కాదని నాకు తెలిసింది టైలరమ్మ వల్ల. బట్టలు కుట్టే ముప్పై నాలుగేళ్ల అమ్మాయి. చేతిపని బంగారం, నోరు మాత్రం కత్తెర. ఒకరోజు డాక్టరును ఆకాశానికెత్తేది, ఆయన ఫోన్ మాట్లాడుతూ తన వైపు చూడలేదని మర్నాడు నానా మాటలూ అనేది. రక్తం తీసే నర్సును చెల్లెలా అని కావలించుకుని, వారం తిరక్కుండానే ఆమె మీద ఫిర్యాదు రాసిచ్చింది. కోపం వచ్చిందంటే ముందు ఆపేసేది మాత్రలే. అలా ఆపీ ఆపీ మొదటి రకం మందులకు వైరస్ లొంగకుండా పోయింది. ఇప్పుడిస్తున్నవి రెండో రకం. ఇవి కూడా పనిచేయకుండా పోతే తర్వాతివి దొరకడం కష్టమని డాక్టరు మా అందరికీ చెప్పాడు. అంటే ఆ అమ్మాయి ప్రాణం ఆ తెల్ల డబ్బాలో ఉంది.

మానసిక వైద్యుడు చూసి దీన్ని వ్యక్తిత్వ రుగ్మత అంటారన్నాడు. పొగరూ కాదు, నాటకమూ కాదట. దగ్గరైన ప్రతివాళ్లూ వదిలేసి పోతారన్న భయం ఆమెను కుదురుగా ఉండనివ్వదట. చిన్నప్పుడు వాళ్లమ్మ ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్లి, మళ్లీ రాలేదు. అది తెలిశాక నాకు కోపం సగం తగ్గింది. మిగతా సగం ఆమె తగ్గనిచ్చేది కాదు.

అప్పుడు అక్క మా అందరినీ కూర్చోబెట్టి ఒక్కటే చెప్పింది.

"ఆ పిల్ల మనలో ఒకళ్లని పై మెట్టు మీద కూర్చోబెట్టి, ఒకళ్లని కింద పడేస్తుంది. మనమే అందరం ఒకే మెట్టు మీద కూర్చుందాం. ఏం అడిగినా, మంగళవారం పదకొండింటికి అక్కతో మాట్లాడమ్మా అనండి. అంతే. తిట్టినా అదే, పొగిడినా అదే."

ప్రతి మంగళవారం పదకొండు నుంచి పదకొండూ ఇరవై వరకు ఆమెది. నిమిషం తగ్గదు, నిమిషం పెరగదు. ఇదంతా అక్కకు పుట్టుకతో వచ్చిన నేర్పేమీ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోగికి జాలిపడి ఇంటి నంబరిచ్చింది. అతను రోజుకు నలభైసార్లు చేసేవాడు. చివరికి విసిగిపోయి ఫోన్ తీయడం మానేసింది. అతను ఆసుపత్రికి రావడమే మానేశాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె నవ్వదు.

ఇంత చెప్పినా తప్పు చేసింది ఎవరనుకున్నారు? నేనే. ఒక గురువారం టైలరమ్మ కిటికీ దగ్గరకొచ్చి, "ఈ బిల్డింగు మొత్తం మీద మనిషన్నవాడివి నువ్వొక్కడివే బాబాయ్. చేతినిండా కుట్టుపనుంది, నెలనెలా తిరగలేను. రెండు నెలలవి ఇచ్చెయ్యి" అంది. నేను గాల్లో తేలిపోయి, ఎవరినీ అడక్కుండా రెండు డబ్బాలు ఇచ్చేశాను. మరో గురువారం ఇంకేదో అడిగితే కాదన్నాను. ఆమె ఇంటికెళ్లి రెండు డబ్బాలూ కాలవలో పోసేసింది. మూడు వారాలు మందు లేదు. వైరస్ లెక్క మళ్లీ పైకెక్కింది. ఆ కాగితం చూశాక నాకు అన్నం సయించలేదు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అదింకా కష్టంగా ఉండింది.

టైలరమ్మను బతిమాలి, బుజ్జగించి మళ్లీ దారికి తెచ్చేసరికి అయిదు నెలలు పట్టింది. సరిగ్గా అప్పుడే అక్కకు పిత్తాశయంలో రాళ్లని తేలింది. ఆపరేషన్, మూడు వారాల విశ్రాంతి. అంటే మూడు మంగళవారాలు. అక్క ఆ సంగతి టైలరమ్మకు నెల ముందే చెప్పింది. తలుపు తీసే ఉంది, నాకన్నీ వినిపించాయి.

"నువ్వూ అందరిలాంటిదానివే. వెళ్లు. నువ్వొచ్చేసరికి నేనుండను."

"ఉండనంటే? చచ్చిపోవాలనుకుంటున్నావా?" అక్క తిన్నగా అడిగేసింది.

టైలరమ్మ గొంతు తగ్గింది. "లేదు. మందులు మానేస్తా."

"కోపం రావడం న్యాయమే. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరుగారి దగ్గరికి రావాలి, మంగళవారం దాకా ఆగకూడదు. నేను నాలుగో మంగళవారం వస్తాను. ఈలోపు పదకొండింటికి ఈ గది తెరిచే ఉంటుంది. ఈ కుర్చీలో మీ బాబాయ్ కూర్చుంటాడు."

నేను ఒంటికాలి మీద లేచాను. ఆమె వెళ్లగానే అక్క గదిలోకి దూరి, "నీకు మతి పోయిందా? కొంప ముంచిందే నేనైతేను" అన్నాను.

"అందుకే అన్నయ్యా. పొగడ్తకు ఎలా పడిపోతారో మనలో నీకొక్కడికే తెలుసు. ఇంకోసారి పడవు." అంటూనే ఒక చీటీ రాసి ఇచ్చింది. వేళకు తలుపు తియ్యి. వేళకు లేచిపో. మందుల సంగతిలో నేను చెప్పిందే చెప్పు. ఆమె రాకపోయినా కూర్చో. చివరి మాట కింద రెండు గీతలు గీసింది.

అక్క సెలవు మీద వెళ్లేముందు మంగళవారం టైలరమ్మకు ముప్పై మాత్రల కొత్త డబ్బా ఇచ్చాం, రోజూ రాత్రి ఒకటి చొప్పున.

మొదటి మంగళవారం ఆమె రాలేదు. ఖాళీ కుర్చీకి ఎదురుగా బొమ్మలా కూర్చున్నాను. నా కిటికీ ముందు జనం గొణుగుతున్నారు. అయిదు నిమిషాలకే లేచిపోదామనుకున్నాను. ఆ రెండు గీతలు గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డాను. గడియారం ముల్లు అంత నెమ్మదిగా నడుస్తుందని నాకు ఆవేళే తెలిసింది.

రెండో మంగళవారం పదకొండూ పదిహేనుకు వచ్చింది. నిలబడే తిట్టింది. నా బట్టతలను, నా నడకను, నా తెలివిని, దేన్నీ వదల్లేదు. తర్వాత కూర్చుని మెత్తగా, "నిజం చెప్పనా బాబాయ్, అక్క కంటే నువ్వే నయం. ఇకనుంచి నువ్వే ఉండు. రెండు నెలలవి ఇస్తావుగా?" అంది. ఈసారి నేను తేలలేదు.

"అక్క చెప్పిందే నాదీనూ. నెలకొక్కటే. టైమైంది తల్లీ, వచ్చే మంగళవారం పదకొండింటికి రా" అని లేచాను.

మూడోవారం సరిగ్గా పదకొండింటికి వచ్చి డబ్బా బల్ల మీద పెట్టింది. నేను తీసి ఊపాను.

"పది."

"తొమ్మిదే ఉండాలి" అంది, తల వంచుకుని. "మొదటివారం సోమవారం రాత్రి వేసుకోలేదు. ఇక మానేద్దామనే అనుకున్నా. మంగళవారం పొద్దున వచ్చా బాబాయ్. మెట్ల దగ్గర నిలబడి చూశా, తలుపు తీస్తారో లేదో అని. తీశావు. కాసేపట్లో లేచిపోతావులే అనుకున్నా. నువ్వు ఆ కుర్చీని చూస్తూ ఇరవై నిమిషాలూ కూర్చున్నావు. ఎవ్వరూ లేకపోయినా. ఆ రాత్రి వేసేసుకున్నా."

అయిదో నిమిషంలో లేవబోయానని ఆమెకు చెప్పలేదు. మెట్ల దగ్గర నిలబడి ఆమె చూస్తుండగా నేను ఆ తలుపు వేసేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను. వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుని, ఫ్యాన్ దుమ్మని గొణిగాను.

అక్క చెప్పినట్టే నాలుగో మంగళవారం వచ్చింది, కాస్త చిక్కి, పొట్ట మీద చెయ్యి వేసుకుని. నేను జరిగిందంతా చెప్పాను, అయిదో నిమిషంతో సహా. "లేవబోయావు, లేవలేదు కదా. నా ఉద్యోగమంతా ఆ కాస్త పనే అన్నయ్యా" అంది.

రెండు నెలల తర్వాత టైలరమ్మ రక్తం రిపోర్టు వచ్చింది. వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గింది. ఆ మంగళవారం అక్క కాగితాన్ని పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చదివి, ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది. గడియారం వైపు చూడనేలేదు. పదకొండూ ఇరవైకి టైలరమ్మ తనంతట తానే లేచింది. ఏడాదిన్నరలో అలా లేవడం అదే మొదలు.

"ఇంకో అయిదు నిమిషాలు కూర్చోవే" అంది అక్క.

"కుదరదక్కా. బయట ఇంకొకళ్లున్నారు. మంగళవారం పదకొండింటికి మాట్లాడుకుందాం."

ఆమె చకచకా మెట్లు దిగిపోయింది. అక్క ఇంకా చాచిన చేత్తోనే నా కిటికీ వైపు చూసింది. నేను నవ్వాపుకోలేకపోయాను. నలుగురిలో ఆవేళ పరువు పోయింది ఆమెది, అయినా అంత సంతోషంగా ఆమె ఎప్పుడూ లేదు.