దండీలూ గంట తాడూ

మొన్న ఉదయం సికింద్రాబాదు కార్ఖానా పేటలో మా చిన్నమ్మాయి ఇంట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గాని, తొంభై దాటినా ఒకచోట కుదురుగా ఉండడం నాకింకా పట్టుబడలేదు, ఒకసారి కిటికీ దగ్గరికీ ఒకసారి తలుపు దగ్గరికీ తిరుగుతూనే ఉంటాను. అలా తిరుగుతుంటే హాల్లో మా మనవరాలు చాప పరుచుకుని, బోర్లా వాలి, చేతుల మీద లేస్తూ దిగుతూ కనిపించింది. వచ్చే నెలలో స్నేహితురాలి పెళ్ళట, చేతుల్లేని జాకెట్టు కుట్టించుకుందట, అందుకని చేతులు గట్టిగా, తీర్చినట్టు కావాలట. నన్ను చూసి, ఇలా పుషప్స్ తీస్తే నిజంగా చేతులు తీరుకొస్తాయా తాతయ్యా అని అడిగింది. ఫోనునడిగితే ఒకచోట అవునని, ఒకచోట కాదని చెబుతోందట. నేను నవ్వి, కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గరికి నడిచాను. జవాబు తెలియక కాదు, అది ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదు గనక.

నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మేం వాటిని దండీలు అనేవాళ్ళం. నేను దండీలు మొదలుపెట్టింది పోలీసు చర్య జరిగిన నలభై ఎనిమిదో ఏడు, ఎండాకాలంలో, నాకు పదిహేడు నిండిన రోజుల్లో. జాకెట్టు కోసం కాదు, ఇల్లు నిలబెట్టుకోవడం కోసం.

మా నాన్నది గుంటూరు వైపు. పెళ్ళైన కొత్తలో సికింద్రాబాదు వచ్చి ఒక చర్చిలో పనికి కుదిరారు. తలుపులు తీయడం, బల్లలు తుడవడం, దీపాలు వెలిగించడం, ఆదివారం గంట కొట్టడం ఆయన పనులు. జీతం అంతంత మాత్రమే గాని, చర్చి ఆవరణలో రెండు గదుల పెంకుటిల్లు ఇచ్చారు, నేనూ మా చెల్లెలూ ఆ ఇంట్లోనే పుట్టాం. ఆ ఎండాకాలంలో నాన్న నిచ్చెన మీదినుంచి పడ్డారు, భుజం కీలు తప్పింది. కట్టు కట్టించాం, పసర్లు పూశాం, నొప్పి తగ్గింది గాని చేయి చెవిదాకా లేవడం మానేసింది. మిగతా పనులన్నీ ఒంటిచేత్తో ఎలాగో నెట్టుకొచ్చేవారు గాని, గంట ఒంటిచేతికి లొంగేది కాదు. సంఘ పెద్దలు కూర్చుని, కోత పండుగ నాటికి కొడుకు గంట కొట్టగలిగితే సరే, లేకపోతే ఆ పనికీ ఆ ఇంటికీ మరో మనిషిని చూసుకుంటామన్నారు. అయ్యగారు, అంటే మా పాదిరిగారు, ఆ మాట చెప్పడానికి మా గుమ్మంలోకి వచ్చి చాలాసేపు మా కోడిపెట్టను చూస్తూ నిలబడ్డారు పాపం.

ఆ గంట మామూలు గంట కాదు. తాడు లాగితే పైన చక్రం తిరగాలి, చక్రం తిరిగితే గంట ఊగాలి, ఊగిన గంట మళ్ళీ తాడును పైకి లాక్కుపోతుంది. మొదటి ఆదివారం నేను లాగితే సగం దెబ్బ మోగి, తాడు నన్ను జానెడెత్తున లేపి దించింది. పాటల జట్టులోని ఆడపిల్లలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అప్పటి నా చేతులు ములక్కాడలకు ఎక్కువ, అరటి దూటకు తక్కువ.

మోండా మార్కెట్టు దగ్గర ఒక మంగలి దుకాణంలో కండలు తిరిగిన వస్తాదు బొమ్మ ఉండేది. దాని కింద కూర్చుని ఎవరో చెప్పారు, ఇవన్నీ దండీల చలవేనని. ఇంక నేను ఆగలేదు. పొద్దున యాభై, సాయంత్రం యాభై, నెల తిరిగేసరికి రెండు పూటలా కలిపి మూడు వందలు. చేతులు గట్టిపడ్డాయా అంటే, పడ్డాయి, ఆ మాటకు నేను సాక్ష్యం. చేతి వెనక భాగం రాయిలా అయింది, ఛాతీ వెడల్పైంది, చొక్కా చేతులు పైకి మడుచుకుని మార్కెట్టులో అవసరం లేకపోయినా రెండుసార్లు తిరిగేవాణ్ణి. గంట మాత్రం ఎప్పటిలాగే సగం దెబ్బే మోగేది. తాడు పాతదన్నాను, చక్రానికి నూనె లేదన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని మా అమ్మ అక్కణ్ణుంచే అందించేది.

అమ్మ అన్నానుగా, ఆ రోజుల్లో ఆమెది వేరే బాధ. రజాకార్లు వస్తున్నారని ఒకరు, మిలటరీ వస్తోందని ఒకరు, పూటకో పుకారు. తెలిసినవాళ్ళు ట్రంకు పెట్టెలతో బెజవాడ రైలెక్కి పోతుంటే అమ్మ రోజూ పొద్దున సామాను మూటగట్టేది, వంట వేళకు గిన్నెల కోసం మళ్ళీ విప్పేది. ఎవరికీ ఏ పనిమీదా చేయి నిలిచేది కాదు. వీధి వాళ్ళందరూ చర్చి వసారాలో కూడి ఒక కట్టుబాటు చేసుకున్నారు. ప్రార్థన గంట అయితే మూడు కొట్టి ఆగాలి, మళ్ళీ మూడు కొట్టి ఆగాలి. ఆగకుండా మోగిందంటే మాత్రం ఆపద వచ్చిందని అర్థం, ఎవరికి వారు పిల్లల్నీ ఆడవాళ్ళనీ తీసుకుని వెనక దారిన రైలు కట్ట వైపు పోవాలి. ఆ కూటంలో మా పక్కింటి చాచా కూడా ఉన్నాడు.

చాచా దూదేకులవాడు. చర్చి గోడకు అవతలే ఇల్లు. పొద్దున లేస్తే ఆయన దూదేకే విల్లు టుంయ్ టుంయ్ మని మోగుతుండేది, మా వీధిలో సగం ఇళ్ళ పరుపులూ దిండ్లూ ఆయన చేతి కిందినుంచి వచ్చినవే. మా ఇంట్లో క్రిస్మసుకూ వాళ్ళింట్లో రంజానుకూ గోడమీదుగా గిన్నెలు అటూ ఇటూ పోయేవి. ఒకరోజు నేను వగరుస్తూ దండీలు తీస్తుంటే ఆయన గోడమీద గడ్డం ఆనించి చాలాసేపు చూసి నవ్వాడు.

"ఏంది బిడ్డా గిది? నువ్వు భూమిని నూకుతున్నవ్. గంటనేమో గుంజాలె గద."

అంతే. రెండు నెలలుగా నాకూ, నాన్నకూ, నన్ను చూసి ముచ్చటపడ్డ సంఘ పెద్దలకూ ఎవరికీ తట్టని మాట అది. నేను నెట్టే కండలు పెంచుకుంటున్నాను, నాకు కావలసినవి లాగే కండలు. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

ఆ మర్నాటినుంచి చాచా నాకు ఉస్తాదు. రెండిళ్ళకూ కలిపి ఒకటే గిరక బావి, వాళ్ళ నీళ్ళు, మా నీళ్ళు, ఆ పక్కనున్న ముసలమ్మ నీళ్ళు అన్నీ నాచేత తోడించాడు. చేతులతో కాదు, నడుంతో గుంజమనేవాడు. చేద కిందికి పోయేటప్పుడు తాడును దాని దారిన పోనివ్వమనేవాడు, నేనేమో అది దిగకముందే లాగేవాణ్ణి. "గంత తొందరేంది? తాడు యాడికి పోతది?" అని విసుక్కునేవాడు. నలభై ఏళ్ళు విల్లు పట్టిన ఆయన జబ్బలు ఎలా ఉండేవంటే, ఆ మంగలి దుకాణం బొమ్మను చూస్తే నాకు జాలేసేది. ఆయన జన్మలో ఒక్క దండీ తీయలేదట. ఆగస్టు నెలాఖరుకు నా లాగుడుకు గంట ముప్పాతిక దెబ్బ మోగింది. చాచా గోడ అవతలినుంచి చూపుడువేలు ఎత్తి, ఇంకొంచెం అన్నట్టు చూపించాడు.

సెప్టెంబరులో ఇండియా మిలటరీ నైజాం సరిహద్దు దాటింది. నాలుగైదు రోజులు తలుపులు వేసుకుని ఉన్నాం. శుక్రవారం సాయంత్రం, పోరాటం ఆగిందని రేడియో చెప్పిందన్నారు. అంతదాకా మేం భయపడ్డాం, ఆ రాత్రినుంచి భయపడడం చాచావాళ్ళ వంతైంది. రజాకార్లు చేసినదానికి ఎవరు తమమీద కక్ష తీర్చుకుంటారోనని చాచీ కిటికీలకు గోనెపట్టాలు కట్టింది. విల్లు మోగలేదు. మా నాన్న గోడ దగ్గరికి వెళ్ళి, మేమున్నాం గదా, మీకేం భయం లేదని ధైర్యం చెప్పి వచ్చారు.

శనివారం పొద్దున అయ్యగారు వచ్చి, కృతజ్ఞత ప్రార్థన పెడుతున్నాం, గంట కొట్టు అన్నారు. నేను తాడు పట్టుకుని నడుం వంచి లాగాను. గంట నిండుగా మోగింది. నా పదిహేడేళ్ళ ప్రాణానికి అంతకు మించిన సంతోషం అంతదాకా లేదు. రెండోది లాగాను, మూడోది లాగాను, ఆగాల్సింది అక్కడ. ఆగలేదు. ఇల్లు నిలిచిందన్న సంతోషం, ఇన్ని నెలల ఉక్కిరిబిక్కిరి తీరిందన్న సంతోషం, గోడ అవతల చాచా వింటున్నాడు గదా అన్న పొంగు, అన్నీ కలిసి నా చేతుల్లోకి వచ్చేశాయి. ఎన్ని కొట్టానో నాకే తెలియదు. నాన్న ఆ చేతకాని చేయి ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చి, "ఒరేయ్, ఆపరా!" అని తాడు మీద పడితే గాని ఆపలేదు.

మెప్పు కోసం అలాగే గోడ ఎక్కి చూశాను. చాచా ఇంటి వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. విల్లు గోడకు వేలాడుతోంది, మనుషులు లేరు. పోరాటం ఆగిందని విన్న మిగతావాళ్ళు అది సంబరపు గంటే అనుకున్నారు, మా కట్టుబాటును ఆ వీధిలో అక్షరాలా పాటించినవాళ్ళు ఆ ఇద్దరే. గంట ఆగకుండా మోగింది, ఆపద వచ్చిందనుకున్నారు, చాచీ చేయి పట్టుకుని ఆయన రైలు కట్ట వైపు వెళ్ళిపోయాడు. నాన్నా నేనూ కట్టంట చీకటిపడేదాకా వెతికాం, కనబడలేదు.

మూడు వారాల తర్వాత చాచా ఒక్కడే వచ్చాడు. పాత బస్తీలో చాచీ తమ్ముడింట్లో ఉంటున్నారట. ఈలోగా ఎవరో ఇంట్లో పడి దూదీ, వీధివాళ్ళ పరుపులూ ఎత్తుకుపోయారు, విల్లు విరిచి పడేశారు. మేం గోడకు ఇవతలే ఉండి కూడా కాపాడలేకపోయాం. ఆయన ఆ విరిగిన ముక్కల్ని చూసి పక్కన పెట్టి, చాచీ బొంతా రెండు గిన్నెలూ మూటగట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. క్షమించమందామని చేతులు జోడించబోయాను. ఆయనే నా అరచేతులు తిప్పి, తాడు ఒరిసి కాసిన కాయల్ని బొటనవేలితో తడిమి చూశాడు.

"గంట మంచిగ మోగింది బిడ్డా. జెర ఆగి కొట్టేదుండె."

ఒక్క నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది. మళ్ళీ ఆయన్ని చూడలేదు. నా చేతులకు ఆయన సత్తువ ఇచ్చాడు, ఆ సత్తువతో మా ఇల్లు నిలిచింది, ఆయన ఇల్లు పోయింది. కోత పండుగనాడు సంఘ పెద్దలు నన్ను మెచ్చుకుని మెడలో బంతిపూల దండ వేస్తుంటే, ఆ దండ తెంపి పారిపోదామనిపించింది.

ఆ తర్వాత వేరే ఉద్యోగంలో చేరేదాకా పదకొండేళ్ళు ఆ గంట కొట్టాను, మూడు కొట్టి ఆగడం ఒక్కసారి కూడా తప్పలేదు. ఇప్పుడు అక్కడ తాడు లేదు, మీట నొక్కితే మైకులోంచి గంట మోగుతుంది, దానికి కండలూ అక్కర్లేదు, అది విని గోడ అవతల ఎవరైనా ఉలిక్కిపడతారేమోనన్న ఆలోచనా అక్కర్లేదు. బావి పూడ్చేశారు. పరుపులు దుకాణాల్లోంచి చుట్ట చుట్టి వస్తున్నాయి. ఈనాడు పక్క ఫ్లాటులో ఎవరుంటున్నారో మా అమ్మాయికి పేరు కూడా తెలియదు, తెలియకపోబట్టి వాళ్ళకు మావల్ల కీడూ లేదు, మేలూ లేదు.

ఇదంతా తలుచుకుంటూ కాఫీ చల్లార్చుకున్నాను. మనవరాలు ఇంకా తీస్తూనే ఉంది, మొహం ఎర్రబడింది, మోచేతులు వణుకుతున్నాయి, ఆపడం లేదు. ఆ కుదురులేనితనం ఎవరి పోలికో వేరే చెప్పాలా! చేతులు గట్టిపడతాయమ్మా, తప్పకుండా పడతాయి అని చెబుదామని నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట.

"జెర ఆగు బిడ్డా."

ఆ పిల్ల నేల మీదినుంచి తలెత్తి వింతగా చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నా నోట ఆ యాస వినలేదు మరి.