ముందు గుప్పెడు, తరువాత తూకం

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఉంది. వచ్చే జూన్‌లో మా అమ్మాయి ఇంటర్ చదువుకు హాస్టల్‌కు వెళుతుంది. మా వంటింటి కొలతల నోటుబుక్కు కూడా తనతో వెళుతుంది. అందులో కేకు పేజీ పైన ఎర్ర సిరాతో "ముందు గుప్పెడు, తరువాత తూకం" అని ఉంటుంది. అది అక్కడికి ఎలా వచ్చిందో నేను చెప్పకపోతే, కొన్నాళ్లకు తనే దాన్ని కొట్టేసినా కొట్టేస్తుంది.

మా అమ్మాయికి పదకొండో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్లలో చూసే రకం కాదు, ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే రకం. తినబోయేదాంట్లో పిండిపదార్థం ఎంతో లెక్క కట్టి, దానికి తగ్గ ఇన్సులిన్ తినే ముందే పొడుచుకోవాలి. లెక్క కంటే ఎక్కువ తింటే షుగర్ పెరుగుతుంది. లెక్క కట్టినంత కడుపులోకి వెళ్లకపోతే పడిపోతుంది. ఆ రెండోదంటేనే మాకు భయం. పెరగడానికి గంటలు పడుతుంది, పడిపోవడానికి నిమిషాలు చాలు.

భీమవరం డాక్టరుగారు ఇచ్చిన చార్టులో అన్నం, ఇడ్లీ, చపాతీ ఉన్నాయి. కేకు లేదు. నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తరువాతి చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర సాగింది. అక్కడే ఆహార పదార్థాల పట్టికలున్న లావుపాటి పుస్తకం ఒకటి, కేకుల మీద ఇంగ్లిషు పుస్తకం ఒకటి తీసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని పదకొండు రోజులు చదివాను. ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతున్నాను.

ఇంగ్లిషు పుస్తకంలో అన్నీ కప్పుల లెక్కలే. కప్పును మైదా డబ్బాలో ముంచి తీసి, పైన చాకుతో చదును చేసి తూచాను. నూట నలభై ఎనిమిది గ్రాములు. అదే కప్పులో అదే మైదాను చెంచాతో మెల్లగా పోసి, అలాగే చదును చేసి తూచాను. నూట ఇరవై ఒకటి. కప్పును నమ్ముకుంటే పిల్ల ప్రాణం మీదికొస్తుందని ఆ రోజే అర్థమైంది. అప్పటి నుంచి మా ఇంట్లో అన్నీ గ్రాములే.

కాటా కొత్తది కాదు. మా ఆయన చెరువుల మీద రొయ్యల కౌంటు, అంటే కిలోకు ఎన్ని తూగుతాయో, చూడటానికి కొన్నది. నిమ్మచెక్కతో మూడుసార్లు తోమి వంటింట్లో పెట్టాను.

"రొయ్యల కాటా మీద కేకేంటమ్మాయ్? తినేటప్పుడు మీసాలు తగులుతాయేమో చూసుకోండి" అన్నారు మా అత్తయ్యగారు.

"నాన్నమ్మా, నీ ముక్కలో ఒక రొయ్య ఎక్కువ పెట్టిస్తాలే" అంది మా అమ్మాయి.

ఆ కేకు తన పద్నాలుగో పుట్టినరోజుకు. మూడేళ్లుగా తన పుట్టినరోజులకు కేకు లేదు. బేకరీ కేకులో ఏం పోశారో, ఎంత పోశారో ఎవరు చెబుతారు? "ఇంట్లో చేస్తే లెక్క తెలుస్తుంది కదమ్మా" అని నెల రోజులు నా వెంట పడింది. నేనూ మాట ఇచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం నూట యాభై గ్రాముల మైదా ఒక గిన్నెలో, నూట ఇరవై గ్రాముల పంచదార ఇంకో గిన్నెలో తూచి పెట్టాను. గుడ్లు, వెన్న, పాలు కూడా తూచి నోటుబుక్కులో రాశాను. పట్టిక ప్రకారం కేకు మొత్తానికి పిండిపదార్థం రెండు వందల ముప్పై రెండు గ్రాములు. ఎనిమిది ముక్కలు కోస్తే ముక్కకు ఇరవై తొమ్మిది. అంతలో వాన మొదలైంది. మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చి, మడతపెట్టి వంటింట్లోకి వచ్చాను. గిన్నెలు పెట్టినచోటే ఉన్నాయి. అన్నీ కలిపి, కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి లోపల పెట్టాను.

కేకు బాగా పొంగింది. దింపి, చల్లారాక తూచాను. నాలుగు వందల ఇరవై అయిదు గ్రాములు. పొయ్యి మీద పెట్టకముందు వస్తువులన్నీ కలిపి అయిదు వందల నలభై. నూట పదిహేను గ్రాములు ఎటు పోయాయి? ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ కేకు ఉడికేటప్పుడు తడి ఆవిరైపోతుందని పుస్తకంలో చదివి ఉన్నాను కదా. ఆవిరే అనుకున్నాను. ఆ క్షణాన ఆగి మళ్లీ లెక్క చూసుకుని ఉంటే ఈ పేజీలు రాయాల్సిన పని ఉండేది కాదు.

అమ్మాయి రెండు ముక్కలకు లెక్క కట్టి ఇన్సులిన్ పొడుచుకుంది. పావుగంట ఆగి తింది. వాళ్ల నాన్న చెరువు గట్టు మీద నుంచే ఫోన్‌లో పాట పాడారు. అంతా నవ్వుకున్నాం.

గంటంపావు గడిచింది. టీవీ చూస్తున్న పిల్ల ఉన్నట్టుండి "సౌండ్ తగ్గించండి" అని విసుక్కుంది. తనది అలా విసుక్కునే స్వభావం కాదు. నుదురు ముట్టుకుంటే చల్లటి చెమట.

"అమ్మా, కాళ్లు తేలిపోతున్నట్టున్నాయే."

వేలు పొడిచి మీటర్ చూస్తే అరవై ఒకటి. డెబ్బై కంటే తగ్గకూడదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. ఆ పావుగంట ఎంత పొడుగుంటుందో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక చేత్తో పిల్లను పట్టుకుని రెండో చేత్తో నోటుబుక్కు తిరగేశాను. కూడికలు సరిపోయాయి. ఇన్సులిన్ పెన్ను చూశాను, తను తిప్పిన అంకె కూడా సరైనదే. మరి ఎక్కడ తప్పింది? ఎక్కడ తప్పిందో తెలియకపోతే ఇంకా ఎంత పడిపోతుందో కూడా తెలియదు.

పావుగంట తరువాత యాభై ఎనిమిది.

మళ్లీ పంచదార నీళ్లు. గ్లాసు పట్టుకుంటే తన పళ్లు స్టీలుకు తగిలి టకటకమంటున్నాయి. మా ఆయనకు ఫోన్ చేశాను. "ఏవండీ, కారు తీసుకుని వచ్చేయండి."

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర మా అత్తయ్యగారు నిలబడి ఉన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మాయ్, నువ్వు బట్టల కోసం మేడెక్కినప్పుడు... గుప్పెడు వెనక్కి పోశాను."

"ఏంటి అత్తయ్యగారూ?"

"పిండీ, పంచదారా. చెరో గుప్పెడు. కొలిచింది కొలిచినట్టు పొయ్యి మీద పెడితే డబ్బా నిండుకుంటుందమ్మా. బియ్యం కొలిచినా అంతే కదా, నువ్వు చూస్తూనే ఉంటావు. అందులోనూ పుట్టినరోజాయె."

నిజమే. బియ్యం కొలిచి, అందులోంచి కాసిని తిరిగి డబ్బాలో వేయకుండా ఆవిడ ఏనాడూ ఎసట్లో పోయలేదు. పెళ్లయిన కొత్తలో నాకూ అదే నేర్పారు. నేనూ ఇప్పటికీ బియ్యానికి అలాగే చేస్తాను.

డబ్బాలూ, కాటా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. "ఎంత పోశారో మళ్లీ అంతే తీయండి." ఆవిడ రెండు డబ్బాల్లోంచీ తీసి కాటా మీద పోశారు. మైదా గుప్పెడు ముప్పై అయిదు గ్రాములు. పంచదార గుప్పెడు నలభై అయిదు. అంటే ముక్కకు ఇరవై తొమ్మిది కాదు, ఇరవై. రెండు ముక్కలకు పద్దెనిమిది గ్రాములు తక్కువ. ఇచ్చిన పంచదార దానికి సరిపోతుందని నోటుబుక్కులో లెక్క వేసుకున్నాక గానీ నా ఊపిరి నాకు అందలేదు.

ఇంకో పావుగంటకు డెబ్బై ఆరు. ఆ తరువాత తొంభై ఎనిమిది. మా ఆయన చెప్పులతోనే లోపలికి పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల వాళ్ల నాన్నమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఉంది.

"ఇక మీదట ఆ డబ్బాలు ముట్టనే తల్లీ" అంటున్నారు ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

"ఎందుకు ముట్టవు? ముందు నీ గుప్పెడు నువ్వు వెనక్కి పోసేసుకో. మిగిలింది అమ్మ కాటా ఎక్కిస్తుంది. నీ డబ్బా నిండుకోదు, నా షుగరూ పడిపోదు."

ఎర్ర సిరాతో ఆ మాట రాసింది కూడా తనే.

పుస్తకం గడువు దాటినా అడగకుండా నా దగ్గరే ఉంచిన గ్రంథాలయం మేడమ్‌గారికి, నా లెక్కలన్నీ ఓపిగ్గా దిద్ది, "తూకం తేడా వస్తే ఆవిరి అనుకోకండమ్మా, ముందు పిల్లను ఇన్సులిన్ పొడుచుకోకుండా ఆపండి" అని చెప్పిన డాక్టరుగారికి, కాటా మళ్లీ అడగకుండా చెరువుకు ఇంకోటి కొనుక్కున్న మా ఆయనకు నా నమస్కారాలు. పేర్లు రాయకపోయినా ఎవరి గురించో వాళ్లకు తెలుసు. అందరికంటే ఎక్కువగా మా అత్తయ్యగారికి. ఆ రోజు గుమ్మం దగ్గర ఆవిడ నోరు విప్పకపోతే నేను ఆ నోటుబుక్కులో కూడికలే మళ్లీ మళ్లీ చూసుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు కేకు చేసిన ప్రతిసారీ ముందు ఆవిడ వంటింట్లోకి వెళతారు. డబ్బా మూత చప్పుడవుతుంది. "నాది అయిందమ్మాయ్, ఇంక తూచుకో" అని పిలిచేదాకా నేను కాటా ఆన్ చేయను.