నేను తుడిపేసిన ఫిర్యాదు

నేను జీవితంలో చాలా ఫిర్యాదులు రాశాను. క్యాంటీన్ చాయ్ మీద, బస్సు మీద, ఆఫీసు ఫ్యాను మీద, ఫ్యాను ఫిర్యాదుకు జవాబివ్వని అధికారి మీద. వాటిలో అమలైంది ఒక్కటే. ఆ ఒక్కటీ నా కొంప ముంచింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నవ్వినవాళ్ళను మాత్రం నేను గుర్తుపెట్టుకుంటాను.

ఎనభైల చివరి సంగతి. సంతోష్‌నగర్ దగ్గర ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో నేను గుమస్తాను. యూసుఫ్ భాయ్ లేతు మిషన్ మీద పనిచేసేవాడు. ఉండేది జహనుమాలో, మిద్దె మీద ముప్ఫై పావురాలతో. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బెంచీ మీద టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్ళం. ఆయన ఇంటి ఖట్టీ దాల్‌లో సగం నాది. నా గోంగూర పచ్చడిలో సగం ఆయనది. నిజానికి ముప్పావు ఆయనే తినేవాడు, ఆ లెక్క ఇప్పుడు వద్దు.

ఒకనాడు ఆయన్ను ఉత్తరాదిలోని యూనిట్‌కు పంపుతున్నారని తెలిసింది. వద్దనుకుంటే శుక్రవారం సాయంత్రంలోగా అర్జీ ఇవ్వాలి.

"నాదేముంది భాయ్, ఏడైనా బతుకుత. కబూతర్లు రావు గదా. వాటికి ఒక్క మిద్దే తెలుసు. ఏడ ఇడిసినా జహనుమాకే వస్తయి, వచ్చేసరికి ఆడ నేనుండ."

ఫికర్ చెయ్యకు అన్నాను. ముందటేడు ఇలాంటి పుకారే పుట్టినప్పుడు నేను ఆయన తరఫున ఇంగ్లీషులో అర్జీ ఒకటి కంప్యూటర్‌లో కొట్టి ఉంచాను. రాయి కూడా కరిగే అర్జీ. దాన్ని తీసి అచ్చు వేస్తే చాలు.

చిక్కేమిటంటే ఆ పాత కంప్యూటర్ చచ్చిపోయింది. చచ్చేముందు ఆ అర్జీ ఉన్న నా ఫ్లాపీని ఉన్నదున్నట్టు నకలు తీసి, మొత్తం ఫ్లాపీని ఒకే ఫైలుగా చేసి కొత్త కంప్యూటర్‌లో పెట్టారు. అందులోంచి మనకు కావలసింది బయటికి లాగడానికి చిన్న ప్రోగ్రాము ఒకటుంది. నల్లని తెర మీద కమాండ్ టైపు చేయాలి. కంప్యూటర్ గది సుధాకర్ సారు ఆ పద్ధతి రాసిన కాగితం నా చేతిలో పెట్టాడు.

"ఫైలు పేరు కొడితే అదొక్కటే వస్తది. కొట్టకపోతే అన్నీ వస్తయి. చివర ఇంకో అక్షరం పెడితే తుడిపేసినయి గూడ లేచొస్తయి. మొత్తం చదివి కొట్టు మల్లేశ్, లేకుంటే నీకు సమజ్ కాదు."

నాకు సమజ్ కాదట! ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ మాట నా చెవిలో అలాగే ఉంది. కాగితాన్ని సొరుగులో పడేశాను. అన్నీ రమ్మన్నాను, తుడిపేసినవాటిని కూడా రమ్మన్నాను. పెళ్ళికి ఊరంతటినీ పిలిచినట్టు పిలిచాను. మధ్యలో తెర ఆగి, ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాని స్థానంలో ఇది పెట్టనా అని అడిగింది. చివరికి కంప్యూటర్‌కు కూడా నా మీద అనుమానమేనా అని కోపంగా ఊ కొట్టాను.

పాఠకులారా, ఇక్కడ ఒక సిగ్గుమాలిన విషయం ఒప్పుకోవాలి. ముందటేడు ఆ అర్జీ కొట్టడానికి నెల ముందు నేను క్యాంటీన్‌లో చాయ్ వెనక్కి పంపుతుంటే, యూసుఫ్ భాయ్ పదిమంది ముందు, "మా మల్లేశ్ భాయ్ పుట్టినప్పుడు ఏడ్వలే, అర్జీ పెట్టిండు" అన్నాడు. పదిమందీ నవ్వారు. నేను తిన్నగా వెళ్ళి, "ఈ కింద సంతకం చేసినవాడు యూసుఫ్ పక్కన కూర్చోలేకపోతున్నాడు, అతణ్ణి వీలైనంత దూరం పంపగలరు" అని ఇంగ్లీషులో కొట్టి, అదే ఫ్లాపీలో యూసుఫ్ అనే పేరుతో దాచాను. రెండు రోజులకు ఖట్టీ దాల్ ముందు కోపం కరిగి తుడిపేశాను. తర్వాత రాసిన మంచి అర్జీకీ అదే పేరు పెట్టాను.

తుడిపేస్తే పోతుందనుకున్నాను. పోదట. పేరు మీద ఒక గీత మాత్రం కొడతారట, పేరూ రాతా లోపలే పడి ఉంటాయట, నకలులోకి అదీ వచ్చేసిందట. నేను ఊ కొట్టిన క్షణంలో ఆ చచ్చిన ఫిర్యాదు లేచొచ్చి మంచి అర్జీని చెరిపి దాని కుర్చీలో కూర్చుంది.

అచ్చు వేసి తెచ్చాను. యూసుఫ్ భాయ్‌కి ఇంగ్లీషు రాదు. నేనైనా చదవాలి కదా. సొంత రాతను తిరిగి చదవడం నాకు అవమానం.

"ఒకసారి చదివి చెప్పాల్నా భాయ్?" అన్నాను.

"నువ్ రాసినవ్ గదా, ఇంకేంది," అని ఆయన కింద ఉర్దూలో సంతకం పెట్టాడు.

సోమవారం మేనేజరు ఇద్దరినీ పిలిచాడు.

"యూసుఫ్, నా సర్వీసులో ఇసొంటి అర్జీ చూడలే. యూసుఫ్ పక్కన కూర్చోలేకపోతున్న, యూసుఫ్‌ను దూరం పంపుండ్రి అని యూసుఫే సంతకం పెట్టిండు. నీ మీద నీకే అంత విసుగైతే నేనెట్ల ఆపుత? ఆర్డర్ పొద్దున్నే పోయింది."

తుడిపేసింది లేచొచ్చిందని మొత్తుకున్నాను. తుడిపేసింది ఎట్లొస్తది అని అడిగాడు. జవాబు సొరుగులోని కాగితంలో ఉంది. "నువ్వు రాసినవాట్ల నాకు సాఫ్‌గా సమజైంది ఇదొక్కటే మల్లేశ్," అన్నాడు.

పావురాలను తమ్ముడికి అప్పగించి యూసుఫ్ భాయ్ కాచిగూడలో రైలెక్కాడు. కిటికీ దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"సంతకం నాదే గదా. నీ మీద నాకేం శికాయత్ లేదు భాయ్."

నన్ను ఇంతగా బాధపెట్టిన మాట మరొకటి లేదు. ఫిర్యాదు ఉండాలి. నా స్థానంలో ఆయన, ఆయన స్థానంలో నేను ఉంటే నాలుగు పేజీలు రాసేవాణ్ణి.

ఆనాడు ఆ ప్లాట్‌ఫారం మీదే ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ మనిషినీ ఎక్కడికీ పంపమని ఒక్క అక్షరం రాయను. వెనక్కి రప్పించమని మాత్రం రాస్తాను. ప్రతి నెలా రాశాను. మేనేజర్లు నలుగురు మారారు. నేను రిటైరయ్యాను, ఆయన అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. అయినా మానలేదు. ఈమధ్య ఆఫీసు నుంచి మొదటిసారి జవాబొచ్చింది. సదరు ఉద్యోగి పదవీ విరమణ చేసినందున బదిలీ సాధ్యం కాదట.

ఆ జవాబు మీద ఫిర్యాదు రాస్తున్నాను.