మిరుగు కోసం పెంచిన చేపలు

మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, చేప ముక్క నోట్లో పడకపోతే వానాకాలమంతా దగ్గుతూనే ఉంటామని మా కరీంనగర్ వైపు నమ్మకం. నేనున్న సౌదీలోని హుఫూఫ్‌లో వానలే లేవు, ఇక దగ్గెక్కడిదని ఆలోచించే తెలివి నాకప్పుడు లేదు. గల్ఫ్ యుద్ధం ఆగిన ఏడాది అది. సముద్రంలో చమురు పారిందని అందరూ సముద్రపు చేపకు భయపడుతున్నారు. చేపల ఫారంలో పనిచేసే మా ఊరివాడి దగ్గర్నుంచి బతికున్న జిలేబి చేపలు బకెట్‌లో తెచ్చి, నేను పనిచేసే ఖర్జూరం తోటలోని నీళ్ళ తొట్టిలో వదిలాను. నాకు వీసా ఇచ్చిన తోట యజమాని, కఫీల్‌ను అడగలేదు. మిరుగు దాకా పెంచి తినేస్తాం, అంతే కదా అనుకున్నాను.

కఫీల్ ముసలాయన. బాబా అని పిలిచేవాళ్ళం. సాయంత్రాలు తోట కాలువ గట్టున కూర్చుని రొట్టె తుంచి వేసేవాడు. వేలెడంత కూడా లేని చారల చేపలు గుంపుగా వచ్చేవి. తన తాత నాటి నుంచీ ఇవి ఇక్కడే ఉన్నాయని మురిసిపోయేవాడు.

మిరుగుకు పది రోజుల ముందు కాలువలు చూడడానికి కెనడా ఇంజనీరొకడు వచ్చాడు. తొట్టిలోకి తొంగి చూసి ముఖం మాడ్చుకున్నాడు. అతని మాటలు, అతన్ని తీసుకొచ్చిన పాకిస్తానీ డ్రైవర్ నాకు హిందీలో విప్పి చెప్పాడు. వాళ్ళ దేశపు పెద్ద సరస్సుల్లోకి, ఓడలు అడుగున నింపుకొచ్చిన నీళ్ళతో పాటు, గోరంత ఆల్చిప్పలు వచ్చి పడ్డాయట. పైపుల్లో పేరుకుని నీళ్ళు ఆపేస్తున్నాయట, అక్కడి చేపలకు తిండి దక్కనివ్వట్లేదట. బయటి నుంచి తెచ్చి వేసిన ఈ చేపలూ అంతేనట.

"యే కిస్‌నే డాలా, పూఛ్ రహా హై," అన్నాడు డ్రైవర్ చివర్లో.

ఎవరు వేశారో నాకేం తెలుసన్నాను. బాబాకు తెలిస్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపడం ఖాయం. వీసా కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు.

గదికి వెళ్ళి, నాతో ఉండే జగిత్యాల అన్నకు చెప్పుకున్నాను.

"చేపలు పట్టి వండు తమ్మీ. తొట్టి ఖాళీ జెయ్యి. ఆయన మల్లొచ్చేసరికి ఒక్కటి కనవడొద్దు."

"నీళ్ళు ఎటు ఇడువాలె అన్నా?"

"ఎటేంది? కాలువలకే పోతయి."

మర్నాడు పెద్ద చేపలన్నీ వలతో తీసి, తొట్టి తూము తెరిచాను. నీళ్ళన్నీ కాలువలో కలిశాయి. గట్టున కూర్చుని చేపలు కోస్తుంటే ఒకదాని నోట్లోంచి మినపగింజంత పిల్లలు జారిపడ్డాయి. తల్లి పిల్లల్ని నోట్లో దాచుకుంటుందని అప్పుడే తెలిసింది. మరి తొట్టిలో ఈదుతున్న పిల్లలో? పరుగెత్తి తూము మూశాను. తొట్టిలో బురద తప్ప ఏమీ లేదు. నేను హడలిపోకుండా ఉంటే అవి తొట్టి దాటి పోయేవే కావు.

మిరుగు రాకముందే మిరుగు చేసుకున్నాం. ఇంజనీరు మళ్ళీ రానేలేదు. నేను మాత్రం రోజూ దొంగలా కాలువలోకి చూసేవాణ్ణి.

మరుసటేడు మిరుగు దగ్గరపడ్డప్పుడు బాబా రొట్టె వేస్తే వెడల్పాటి చేపలు ఎగబడ్డాయి. చారల చేప ఒక్కటీ లేదు.

"చిన్నవి ఏమయ్యాయి?" అని అరబ్బీలో అడిగాడు.

"మా అద్రీ, బాబా," అన్నాను. తెలీదని.

ఆయన మిగిలిన రొట్టె కూడా నీళ్ళలో వేశాడు. తర్వాత లేచి, పక్కనున్న సంచి నా చేతికిచ్చాడు. నిండా జిలేబి చేపలు.

"ఈ రోజుల్లో మీవాళ్ళు చేప తింటారని చెప్పావుగా. నీ కోసమే కాలువలోంచి పట్టించాను."

షుక్రన్ అన్నాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ దొరకలేదు. ఆ చేపలు గదికి తీసుకెళ్ళి, వండుకుని, తిన్నాను కూడా.